బడి వంతు

చిన్నదిబ్బపాళెంలో ముత్యాలయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. వంతులాయన అంటే చాలు, పులికాటు సరస్సు ఒడ్డునున్న మూడు పాళేల్లో పసిపిల్లలకు కూడా తెలిసేది. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. సరస్సులో నీళ్లన్నీ చూడ్డానికి ఒకటే గానీ వేటకు ఒకటి కావు. సముద్రపు పోటు లోపలికి వచ్చే మొగ దగ్గర వల కడితే రొయ్యలతో బుట్టలు నిండుతాయి. అక్కణ్ణుంచి కాస్త పక్కకు జరిగితే నాచు తప్ప మరేం పడదు. ఎవరికి ఇష్టమైన చోట వాళ్లు వల కట్టుకుంటే తలకాయలు పగులుతాయని పెద్దవాళ్లు ఏనాడో ఒక కట్టుబాటు చేసుకున్నారు. మొగ దగ్గరి నీళ్లు ఒక్కో రోజు ఒక్కో ఊరివి. మూడు రోజులకొకసారి చిన్నదిబ్బపాళెం రోజు వస్తుంది. ఆ రోజున ఊళ్లోని ముప్పై వంతులకు ముప్పై చోట్లు. కిందటి వేటలో మొదటి చోట కట్టినవాడు ఈసారి రెండో చోటికి జరగాలి. ముప్పై అంటే ముప్పయ్యే. ఇంకొకటి పుట్టిస్తే మిగతా రెండు ఊళ్లూ ఊరుకోవు.

తండ్రి పోతే వంతు కొడుక్కి వస్తుంది. కొడుకు లేకపోతే దగ్గరివాళ్లలో ఒకరికి వస్తుంది. ఎవరికి వచ్చినా దానితో పాటే ఒక బరువు కూడా వస్తుంది. పోయినవాడి వంతు ఎవరు తీసుకుంటే వాళ్లే అతనికి కొరివి పెట్టాలి. ఏ కాగితం మీదా లేని ఈ మాటను ఆ ఊళ్లో జవదాటినవాళ్లు లేరు.

ఈ వంతులన్నీ తప్పిపోకుండా గుర్తుపెట్టుకోవడమే ముత్యాలయ్య పని. అతని తండ్రిదీ అదే పని. మొలకు చుట్టుకున్న నారతాడులో రోజుకొక ముడి వేసేవాడు. ఊరి రోజుకు మాత్రం ముడి పెద్దది. ఆ రోజు తెల్లవారుతుండగా వీధి వెంట నడుస్తూ ఎవరికి ఏ చోటో కేక వేసి చెప్పేవాడు. కేక వినపడగానే ఊరు ఊరంతా లేచి పడవల మీద పడేది. మగవాళ్లు వలలకు, ఆడవాళ్లు బుట్టలకు, పిల్లలు పడవలో నీళ్లు తోడడానికి. ఇరవై ఏళ్లలో ఒక్క వంతు తారుమారైందన్న మాట అతని మీద రాలేదు. అలాంటి మనిషికి చదువు రాదని ఎవరైనా జాలిపడితే నాకు నవ్వొస్తుంది. ముప్పై కుటుంబాల లెక్క నోటిమీద పెట్టుకుని తిరిగినవాణ్ణి చూసి ఎవరు జాలిపడాలి?

పందొమ్మిది వందల యాభై ఏడులో ఊళ్లోకి బడి వచ్చింది. తాటాకుల పాక, ఒక నల్లబల్ల, ఒక అయ్యవారు. ముత్యాలయ్యకు ఒక్కడే కొడుకు, మాల్యాద్రి. తొమ్మిదేళ్లవాడు. వాణ్ణి బళ్లో వేశాడు. వేశాడంటే వేశాడు, ఊరి రోజు మాత్రం అందరి పిల్లల్లాగే వాడూ పడవెక్కాల్సిందే. మరుసటేడు కార్తీకంలో ఒక ఊరి రోజున ఆకాశం నిర్మలంగానే ఉంది. పిల్లవాడు నిద్రమత్తులో లేవనని మొరాయిస్తే ముత్యాలయ్యే భుజం పట్టి లేపాడు. మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా తిరిగింది. పడవ బోల్తా పడింది. తండ్రి ఈది ఒడ్డున పడ్డాడు. కొడుకు మూడు రోజుల తరవాత వల కట్టే గుంజల మధ్య దొరికాడు. ఆ రోజు కూడా ఊరి రోజే. వంతులు కేక వేసి చెప్పడానికి ముత్యాలయ్య కాక ఇంకొకరు లేరు. కొడుకు ఇంకా నీళ్లలోనే ఉండగా ఆ మనిషి వీధిలో నడిచి, ఎవరి చోటు వాళ్లకు చెప్పి, వెతకడానికి వెళ్లాడు. ఇలాంటి నిబ్బరాన్ని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తరవాత అతని అన్న కొడుకు పోలేరయ్యకే వంతు వస్తుందని ఊరంతా అనుకుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు, మంచి కష్టజీవి. ముత్యాలయ్య భార్య మస్తానమ్మ వాణ్ణి పిలిచి వారం వారం కూడు పెట్టేది. వాడి మొహంలో ఆమె కొడుకును చూసుకుంది అనను. తనకూ తన మొగుడికీ ఆఖరిరోజున ఒక చెయ్యి ఉంటుందన్న ధైర్యం చూసుకుంది.

ఈలోగా బడి పాడుపడింది. మొదటి అయ్యవారు ఉప్పునీళ్లు పడవని మూడు నెలలకే సెలవు పెట్టాడు. రెండో ఆయన ఏడాదిన్నర ఉండి, బదిలీ కాగితం చేతికి రాగానే చెప్పులు కూడా మరిచిపోయి పడవెక్కాడు. మూడో ఆయన కృపాదానం. తడ దగ్గరి మాలపల్లెలో పుట్టి, మిషను బళ్లో చదివి, ట్రైనింగు అయి వచ్చినవాడు. ఇసుకలో తవ్విన మంచినీటి చెలమలో తోడుకోబోతే ఆడవాళ్లు వద్దన్నారు. వాళ్లెవరైనా తోడి పైనుంచి పోసిందాకా ఆయన కుండ పట్టుకుని నిలబడేవాడు. నిలబడ్డాడే గానీ ఊరు విడిచి వెళ్లలేదు. బడి పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లు ఉండేవి. పాకలో ఎనిమిదిమంది ఉండేవాళ్లు.

యాభై తొమ్మిది అక్టోబరులో ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. ఆరునెలలకు మళ్లీ వస్తానని, అప్పటికి రోజూ ఇరవైమంది కనపడకపోతే బడినీ అయ్యవారినీ కలిపి వేరే ఊరికి పంపించేస్తానని చెప్పి వెళ్లాడు. కృపాదానం ఇంటింటికీ తిరిగాడు. పిల్లల్ని పంపేది లేదని ఒక్కరూ అనలేదు. రేపట్నించి తప్పకుండా పంపిస్తామని అందరూ మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదతోనే ఆయనకు సగం ఒళ్లు చిక్కిపోయింది. చివరికి ఎవరో చెబితే వంతులాయన దగ్గరికి వెళ్లి, ఒక్కసారి బడికి రమ్మని బతిమాలాడు. ముత్యాలయ్య మాట ఊరు వింటుందని ఆయన ఆశ.

ముత్యాలయ్య వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. కొడుకు పోయాక ఆ పాక వైపు రావడం అదే మొదలు. కృపాదానం హాజరుపట్టీ తెరిచి అతని ముందు పెట్టాడు. వచ్చినవాళ్లకు గీత, రానివాళ్లకు చుక్క అని చెప్పాడు. ముత్యాలయ్య చాలాసేపు ఆ గళ్లవైపు చూశాడు. అక్షరం తెలియనివాడు దాంట్లో ఏం చూస్తున్నాడా అని అయ్యవారు ఆశ్చర్యపోయాడు. అతను మొలలో తాడు విప్పి పట్టీ మీద పరిచాడు. చిన్న ముడి, చిన్న ముడి, పెద్ద ముడి. పట్టీలో కాసిని గీతలు, కాసిని గీతలు, తరవాత పైనుంచి కిందిదాకా చుక్కలు. ప్రతి మూడో గడీ చుక్కలే. అక్కడక్కడా మధ్యలో ఉన్న ఖాళీ గళ్లు ఆదివారాలని కూడా అతనే వేలు పెట్టి చెప్పాడు. ఊరి రోజున బడి మానేసిన పిల్లలు ఒళ్లు హూనమై మర్నాడూ లేవరు. ఆ మర్నాటి చుక్కలు కూడా అతనికి తెలిశాయి.

"ఈ చుక్కలు పెట్టింది నేనే అయ్యోరా," అన్నాడు.

అయ్యవారికి అర్థం కాలేదు. తన చేత్తోనే రోజూ పెడుతున్నానని చెప్పాడు.

"నువ్వు రాసినావు. పెట్టింది నేను. తెల్లారి నేను కేకేస్తేనే గదా ఈ పిలకాయలు పడవెక్కేది."

ముత్యాలయ్య లేవబోయి, మళ్లీ కూర్చుని, కిందటేడు పట్టీ ఉందా అని అడిగాడు. ఉంది. మాల్యాద్రి పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. కృపాదానం రేకుపెట్టె తెరిచి, పాత పట్టీ తీసి, ఆ వరుస మీద వేలు పెట్టాడు. పిల్లవాడు బాగానే వచ్చేవాడు. రెండు గీతలు, ఒక చుక్క. రెండు గీతలు, ఒక చుక్క. కార్తీకంలో ఒక చుక్క, అక్కణ్ణుంచి ఆ వరుసలో ఏమీ లేదు. ముత్యాలయ్య ఆ చివరి చుక్క మీద బొటనవేలు ఆనించి అలా ఉండిపోయాడు. కృపాదానం పిల్లల్ని బయటికి పంపించి, తనూ బయటికి వెళ్లి నిలబడ్డాడు.

ఆ వారంలోనే ముత్యాలయ్య ఊరి పెద్ద కామాక్షయ్యను అడిగి సభ పెట్టించాడు. వలలు ఆరేసే ఇసుక తిన్నె మీద చాప వేస్తారు. వంతు ఉన్నవాళ్లు చాప మీద కూర్చోవాలి, లేనివాళ్లు చుట్టూ నిలబడాలి. ఆడవాళ్లు ఇంకా వెనక. అయిదో తరగతి దాటని పిల్లల్ని పడవ ఎక్కించకూడదని ముత్యాలయ్య అడిగాడు. మంచిమాటేనని అందరూ తలలూపారు. తరవాత ఒక్కొక్కరే నోరు విప్పారు. పిల్ల పడవెక్కితే దోసెడు రొయ్యలు పిల్ల వంతుగా ఇస్తారు, ఆ పూట ఆ ఇంట్లో కూర అదే. తల్లులు బుట్టలెత్తుకుని సూళ్లూరుపేట సంతకు పోతారు, ఇంట్లో ఉన్న పిల్లలకు మధ్యాహ్నం పొయ్యి వెలగదు. పడవెక్కితే కనీసం కడుపుకింత దొరుకుతుంది. బళ్లో ఏం దొరుకుతుంది? ఈ ప్రశ్న అడిగింది నాగులమ్మ అనే ఒంటరి ఆడమనిషి, ఇద్దరు పిల్లల తల్లి. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ముత్యాలయ్య దానికీ సిద్ధపడే వచ్చాడు. తన వంతు బడికి ఇచ్చేస్తానన్నాడు. ఆ చోట పడిన రొయ్యలు బడివి. వాటితో రాగులు, నూకలు కొని మధ్యాహ్నం పిల్లలకు సంగటి వండి పెట్టాలి. మిగిలితే పలకలు కొనాలి, పాకకు ఆకు కప్పించాలి. వంతులు ముప్పయ్యే ఉంటాయి కాబట్టి పక్క ఊళ్లకు పేచీ లేదు. బడి వల కట్టడానికి మాత్రం వంతుకొక మనిషి చొప్పున రావాలి.

వంతు వదులుకున్నవాడు ఆ ఊళ్లో లేడు. ఆకలితో పడుకున్నవాళ్లున్నారు, ఇల్లు కూలిపోయినవాళ్లున్నారు, వంతు మాత్రం ఎవరూ వదల్లేదు. కామాక్షయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, కట్టుబాటు మీద కూర్చున్నవాడు.

"బడికి ప్రాణముండాదా ముత్యాలయ్యా? వంతు తీసుకున్నోడు కొరివి పెట్టాల. రేపు నువ్వు పోతే ఆ పాక లేచొచ్చి నీకు కొరివి పెడతాదా?" అని అడిగాడు.

తన కొరివి సంగతి తనకు వదిలెయ్యమన్నాడు ముత్యాలయ్య. పిల్లల్ని పడవెక్కించకూడదన్న మాటకూ, బడి వంతుకూ సభ ఒప్పుకుంది. గుంపు వెనక పోలేరయ్య ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. అతని కోపంలో అన్యాయం ఏమీ లేదు. నోటిదాకా వచ్చిన కూడు తీసుకెళ్లి పదిమందికి పంచితే ఎవరికైనా అలాగే ఉంటుంది.

మస్తానమ్మ ఇంటికి వచ్చాక నిలదీసింది.

"కొడుకెట్టా పోయినాడు. కట్టె మింద నిప్పు పెట్టే చెయ్యి ఒకటుంటే దాన్ని గూడా నరుక్కుంటివే. నిన్నేమన్నా అడిగినానా ఇన్నేళ్లలో? ఇదొక్కటే గదయ్యా నేను పెట్టుకున్నది," అంది.

ఆమె అన్న ప్రతి మాటా నిజమేనని ముత్యాలయ్యకు తెలుసు. తెలిసే చేశాడు. ఆ రోజునుంచి మస్తానమ్మ బడి వైపు తిరిగి చూడలేదు. అటుగా పోవలసి వస్తే ఊరు చుట్టి వెళ్లేది.

వంతు పోయినవాడు వంతులాయనగా ఉండటానికి కూడా వీల్లేదు. తాడు ఇంకొకరి మొలకు మారింది. ముత్యాలయ్య సభలో చాప దిగి నిలబడ్డాడు. పిల్లలు దిగిపోయిన పడవల్లో నీళ్లు తోడేవాళ్లు కావలసి వచ్చారు. వంతు లేని మగవాళ్లు ఆ పనికి కుదిరారు. అందరికంటే ముందు కుదిరింది అతనే. నలభై అయిదేళ్ల మనిషి, ఒకప్పుడు ఊరికి చోట్లు పంచినవాడు, ఎవరి పడవలోనో అడుగున కూర్చుని తన కొడుకు చేసిన పని చేశాడు. కుర్రవాళ్లు మొదట్లో సిగ్గుపడి తలలు తిప్పుకునేవాళ్లు. అతను మాత్రం డబ్బా ముంచడం, విసరడం, ముంచడం, అంతే.

బడికి మాత్రం రోజులు తిరిగాయి. ఒక్కరోజులో కాదులెండి. మొదటి పదిరోజులు సంగటి తిని పరిగెత్తినవాళ్లే ఎక్కువ. నాగులమ్మ వంటకు కుదిరి, పొద్దున గంట కొట్టినప్పుడు పాకలో ఉన్నవాళ్లకే ముద్ద అని తెడ్డు పట్టుకుని నిలబడింది. ఆ తెడ్డు చేసిన మేలు చిన్నది కాదు. ఆడవాళ్లు తలా ఇన్ని కట్టెలు తెచ్చి పడేశారు. మగవాళ్లు తాటాకు తెచ్చి పాక కప్పారు. బడి వల కట్టడానికి వంతుకొకరు వచ్చారు, రానివాడి ఇంటి ముందు కామాక్షయ్య స్వయంగా వెళ్లి కూర్చున్నాడు. తమ పిల్లల అయ్యవారు దాహానికి ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడటం బాగాలేదని నాగులమ్మే చెలమ దగ్గర గొడవపెట్టుకుంది. ఆ తరవాత కృపాదానం తన నీళ్లు తనే తోడుకున్నాడు. ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఇరవై ఆరుమంది ఉన్నారు. అది ఊరి రోజు. సరస్సు మీద పడవలున్నాయి, పడవల్లో పిల్లలు లేరు. బడి నిలిచింది.

తొమ్మిదేళ్లు అలాగే సాగింది. గాలి తిరిగి పడవలు బోల్తా పడ్డ సంవత్సరాలూ ఉన్నాయి, మనుషులు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. పిల్లలెవరూ పోలేదు. అయిదో తరగతి దాటి నాయుడుపేట హైస్కూలుకు వెళ్లినవాళ్లు ఇద్దరు. ముత్యాలయ్య ఎప్పుడైనా బడి ముందు నుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగేవాడు, అంతకంటే లోపలికి వచ్చేవాడు కాదు.

అరవై ఎనిమిదిలో వానలు మొదలయ్యాక అతనికి జ్వరం తగిలి రొమ్ము పట్టేసింది. నాలుగు రోజులకు పోయాడు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి స్నానం చేయించారు. పాడె కట్టారు. ఆ తరవాత ఎవరూ కదల్లేదు. ముత్తుకూరు దగ్గర అత్తవారింట స్థిరపడిన పోలేరయ్య కబురందుకుని వచ్చాడు. వచ్చి, చిన్నాయన కాళ్లకు దండం పెట్టి, దూరంగా నిలబడ్డాడు. కామాక్షయ్య అతని వైపు చూశాడు. వంతు తిన్నవాళ్లే కొరివి పెట్టాలి కదా, కట్టుబాటు తనొక్కడికేనా అన్నాడు పోలేరయ్య. గొంతు పెంచలేదు. పొద్దు పైకెక్కుతోంది. పెద్దవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు.

మస్తానమ్మ లేచింది. ఇసుకలో నడిచి, ఈసారి ఊరు చుట్టకుండా, తిన్నగా బడి దగ్గరికి వెళ్లింది. కృపాదానం పిల్లల్ని కూర్చోబెట్టి తనూ కూర్చుని ఉన్నాడు. చావు ఇంటికి రావచ్చో రాకూడదో, వస్తే ఎంత దూరంలో నిలబడాలో తెలియక పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. గుమ్మంలో ఆమెను చూసి చప్పున లేచాడు.

"పిలకాయల్ని పంపించయ్యా," అంది మస్తానమ్మ. "వాళ్ల నాయన పోయినాడు."

ఎవర్ని పంపమంటావమ్మా అని అడిగాడు అయ్యవారు.

"ఒకణ్ణని ఎట్ట చెప్పేది అయ్యోరా. అందరూ తిన్నోళ్లే గదా. ఆడపిల్లల్ని గూడా రానీ. నువ్వూ రా."

నలభై ఒక్కమంది పలకలు కింద పెట్టి లేచారు. ఆమె వెనక వరుసగా నడిచి వచ్చారు, అందరికంటే చివర అయ్యవారు. వాకిట్లో వాళ్లను చూసి పెద్దవాళ్లు లేచి నిలబడ్డారు. ఆడపిల్లలు శ్మశానానికి రాకూడదని ఒకరెవరో అనబోయారు. కామాక్షయ్య చెయ్యెత్తి ఆపాడు. పోలేరయ్య పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు, తరవాత వచ్చి పాడెకు భుజం పట్టాడు.

నిప్పు పెట్టే వేళకు పెద్దపిల్లలు కొరివి పట్టుకున్నారు. ఒకరి చెయ్యి మీద ఒకరు చెయ్యి వేశారు. చెయ్యి అందనివాళ్లు ముందువాళ్ల భుజాలు పట్టుకున్నారు. ఈ ఏడే బళ్లో చేరిన అయిదేళ్లవాడొకడు ఏదీ అందక ఏడుపు మొహం పెట్టాడు. మస్తానమ్మ వాణ్ణి చంకనెత్తుకుని, వాడి పిడికిలి తన చేత్తో పట్టుకుని, ఆ కొరివికి తాకించింది.